గండికోట... చూసి రావద్దు, ఉండి రండి!

కడప జిల్లా అనగానే సినిమాలు బాగా చూసేవాళ్లకు గాల్లోకి లేచే సుమోలు గుర్తొస్తాయి. చూడనివాళ్లకు ఎండలు గుర్తొస్తాయి. అక్కడికెళ్లి అడవి పక్కన, నది అంచున టెంటు వేసుకుని పడుకుంటామంటే ఇంట్లోవాళ్లు మనవైపు అదోలా చూస్తారు. మా ఇంట్లోనూ చూశారు. అయినా డిసెంబరులో ఓ బుధవారం నేనూ, మా ఫొటోగ్రాఫరూ, కారు నడిపే అబ్బాయీ బయల్దేరాం.

గండికోట కొత్తగా చెప్పాల్సిన పేరేం కాదు. ఎర్రటి కొండల్ని నిలువునా కోసుకుంటూ పెన్న పారే ఆ లోయ ఫొటో మీరు ఏ క్యాలెండరు మీదో, ఏ సెల్‌ఫోన్‌లోనో చూసే ఉంటారు. బెంగళూరు నుంచీ, హైదరాబాద్ నుంచీ జనం వస్తూనే ఉన్నారు. కానీ వచ్చినవాళ్లలో ఎక్కువమంది రెండు గంటలుండి, లోయ ముందు నాలుగు ఫొటోలు దిగి, బెలుం గుహలకు వెళ్లిపోతున్నారు. వాళ్లు చూసింది సగం గండికోటే. మిగతా సగం సాయంత్రం ఆరు తర్వాత మొదలవుతుంది. ఈ వారం మా ప్రయాణం ఆ సగం కోసం.

దోసెతో మొదలు

ప్రొద్దుటూరులో పొద్దున్నే దిగినవాళ్లు ఎర్రకారం దోసె తినకుండా ఊరు దాటితే అది ప్రయాణం కిందికి రాదు. ఎండుమిరపకాయలు, ఉల్లిపాయ, వెల్లుల్లి కలిపి నూరిన ఎర్రకారాన్ని పెనం మీదే దోసెకు పూసి, పైన పప్పులపొడి చల్లి మడిచి ఇస్తారు. మొదటి ముక్కకు బాగుందనిపిస్తుంది. మూడో ముక్కకు కళ్లలో నీళ్లు. అయినా చెయ్యి ఆగదు. మా ఫొటోగ్రాఫరుది గోదావరి జిల్లా. రెండు గ్లాసుల మజ్జిగ తాగిగానీ కెమెరా పట్టుకోలేకపోయాడు.

బంగారం వ్యాపారంలో ఈ ఊరికున్న పేరు మీకు తెలిసిందే, రెండో ముంబయి అంటారు. మనకు ఆ దుకాణాలతో పని లేదు. మనకు కావలసినవి కిరాణా కొట్టులో దొరుకుతాయి. బొరుగులు, వేయించిన చెనక్కాయలు, చెనక్కాయల పొడి, ఉల్లిపాయలు, నిమ్మకాయలు, నాలుగు కొవ్వొత్తులు, ఓ ఇరవై లీటర్ల నీళ్ల క్యాను. ఇవన్నీ ఇక్కడే కొనుక్కోవడం మేలు. రాత్రి తొమ్మిదింటికి కొండమీద అగ్గిపెట్టె కావాలంటే ఎక్కడ దొరుకుతుంది చెప్పండి!

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు ఇరవై కిలోమీటర్లు. దారి పొడవునా నల్లరేగడి నేల. శీతాకాలమైతే బుడ్డసెనగ పైరు మోకాలెత్తున పచ్చగా ఉంటుంది. జమ్మలమడుగు దాటి పడమటికి తిరిగాక పదిహేను కిలోమీటర్లు వెళ్తే గండికోట. ఆ పదిహేను కిలోమీటర్లలో నేల రంగు నలుపు నుంచి ఎరుపుకి మారిపోతుంది. పొలాలు పోయి ముళ్లపొదలొస్తాయి. ఎదురుగా ఎర్రమల కొండలు. ఎర్రమలలకు శిఖరాలుండవు. పైన ఎవరో కత్తితో చెక్కేసినట్టు చదునుగా, పొడుగ్గా పరుచుకుని ఉంటాయి. అక్కడ ఓ పెద్ద లోయ ఉందని ఏ గుర్తూ కనబడదు. కోట ద్వారం దాటి, ఊరు దాటి, రాళ్ల మీద నడుచుకుంటూ వెళ్లి... ఇంకో నాలుగడుగులు వేస్తే నేల అయిపోతుంది. అంతే! కిందెక్కడో రెండు మూడు వందల అడుగుల లోతున పెన్న.

రాళ్లకు మన ఊళ్ల పేర్లు

పెన్న కర్ణాటకలో నంది కొండల దగ్గర పుడుతుంది. 597 కిలోమీటర్లు పారి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. ఆ పొడవంతటిలో ఎక్కువచోట్ల పెన్న అంటే ఇసుకే. వానాకాలంలో నాలుగు రోజులు నీళ్లు, మిగతా రోజుల్లో మేకలు. అలాంటి నది ఇక్కడ కొండను చీల్చుకుని ఎలా వెళ్లిందన్నది ఇక్కడికొచ్చిన ప్రతి పిల్లవాడూ అడిగే ప్రశ్న.

జవాబు ఆ రాయిలోనే ఉంది. లోయ గోడను కాసేపు తేరిపార చూడండి. ఇటుకల గోడలా కనిపిస్తుంది. అడ్డంగా పలకలు, నిలువుగా చీలికలు. ఒకప్పుడు ఇదంతా నీటి అడుగున పేరుకున్న ఇసుక. ఒత్తిడికి గట్టిపడి రాయయింది. నది కింద నుంచి కోస్తూపోతే ఈ రాయి మట్టిలా జారదు. చీలిక దగ్గర పుటుక్కున విరిగి, దిమ్మలు దిమ్మలుగా పడిపోతుంది. అందుకే గోడలు ఏటవాలుగా కాకుండా నిలువుగా నిలబడ్డాయి. అంచున ఉన్న దిమ్మలు కూడా అలా విరగడానికి సిద్ధంగా ఉన్నవే అన్న సంగతి సెల్ఫీ తీసుకునేటప్పుడు గుర్తుంచుకోండి.

భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాయికి 'గండికోట క్వార్ట్‌జైట్' అని పేరు పెట్టారు. దాని కింద పొర పేరు తాడిపత్రి. దాని కింద పులివెందుల. ఇంకా కిందికి పోతే వేంపల్లె. బస్సు బోర్డు చదువుతున్నట్టు లేదూ! ప్రపంచంలో ఎక్కడ కూర్చుని కడప రాళ్ల గురించి రాసినా ఈ ఊళ్ల పేర్లు రాయాల్సిందే. పులివెందుల దగ్గర తాడిపత్రి పొరల మధ్యకు చొచ్చుకొచ్చి గడ్డకట్టిన శిలాద్రవం వయసు లెక్కగడితే దాదాపు 188 కోట్ల ఏళ్లని తేలింది. అప్పటికి భూమ్మీద చెట్టు లేదు, చేప లేదు. నీళ్లలో కంటికి కనబడని సూక్ష్మజీవులు పొరలు పొరలుగా పేరుకునేవి. వాటి ఆనవాళ్లు వేంపల్లె రాళ్లలో కనిపిస్తాయి, క్యాబేజీని అడ్డంగా కోస్తే కనబడే వలయాల్లాగా.

ఇక కోట సంగతి. గండికోట కైఫీయత్తు ప్రకారం 1123లో కాకరాజు అనే సామంతుడు ఇక్కడ మొదట కోట కట్టించాడు. తర్వాత విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు ఏలారు. 17వ శతాబ్దం మధ్యలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో ఆయనకు నగలు అమ్ముకోవడానికి తవెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి ఇక్కడిదాకా వచ్చాడు. ఫిరంగులు పోత పోయించడానికి మీర్ జుమ్లా గుళ్లలోని రాగి విగ్రహాలన్నీ తెప్పించాడనీ, ఎంత కాల్చినా గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం కరగలేదనీ ఆయన రాసుకున్నాడు. మాధవరాయ స్వామి గుడి, రంగనాథుడి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ నడిచేంత దూరంలోనే ఉన్నాయి. గర్భగుళ్లు ఖాళీ. కోట లోపల ఇప్పటికీ ఊరుంది. గొర్రెలు, మేకలు, గుమ్మం ముందు ముగ్గులు. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఓ పూట కేటాయించుకోండి. మేం గంటన్నరలో చుట్టేసి టెంటు దగ్గరికి పరుగెత్తాం. వెలుగుండగానే వేసుకోవాలి మరి.

సాయంత్రం ఆరు తర్వాత

కోట గోడకు బయట, లోయ అంచుకు దూరంగా టెంట్లు అద్దెకిచ్చే స్థానిక కుర్రాళ్లున్నారు. మన టెంటు మనం తెచ్చుకున్నా ఫరవాలేదుగానీ దాంతోపాటు వచ్చే ఇనుప మేకులు ఇక్కడ పనికిరావు. మేకు దిగడానికి మట్టే లేదు, అంతా బండ. టెంటు నాలుగు మూలలకూ తాళ్లు కట్టి, తలకాయంత రాళ్లు చూసి చుట్టాలి. మాకు టెంటు ఇచ్చిన అబ్బాయికి ఇరవై ఏళ్లుంటాయేమో. ఐదు నిమిషాల్లో ఆ పని పూర్తిచేశాడు. మా ఫొటోగ్రాఫరు ఇంకా బాగా కనబడుతుందని టెంటును అంచువైపు జరపబోతే ఆ అబ్బాయి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆడికి పోవాకండన్నా. రాత్రి గాలి తిరిగిందంటే నిలబడనీదు."

పొద్దు గూట్లో పడే ముందు లోయ గోడలు రంగులు మారుతాయి. ఇటుక ఎరుపు, కుంకుమ, తర్వాత బూడిద. కింద నీళ్లు మాత్రం పచ్చగానే ఉండి, ఒక్కసారిగా నల్లబడిపోతాయి. ఆ తర్వాత గంటసేపు ఏమీ జరగదు. నిజంగానే ఏమీ జరగదు! మా కారు నడిపే అబ్బాయి, "ఇంతేనా సార్?" అన్నాడు. టీవీ లేదు, లైట్లు లేవు, కబుర్లు కూడా అయిపోయాయి. అలవాటుకొద్దీ చెయ్యి జేబులోని ఫోను వైపు పోతుంది. కాస్త ఓపిక పట్టాలి.

మొదట చెవులు తెరుచుకుంటాయి. పగలంతా కాలిన బండ చల్లబడుతూ ఎక్కడో చిన్నగా 'టక్' మంటుంది. లోయ అవతలి గోడ మీద నుంచి గుడ్లగూబ ఒకటి ఆగి ఆగి కూస్తుంది. దాని కూత ఇటు గోడకు తగిలి మళ్లీ వస్తుంది. నైట్‌జార్ పిట్ట నేల మీదే కూర్చుని, గోలీని బండ మీద వదిలేస్తే ఎగిరెగిరి ఆగినట్టు శబ్దం చేస్తుంది. ఆ పిట్టను చూడాలని టార్చి వేయకండి. వేసినా కనబడదు, దాని రంగూ రాయి రంగూ ఒకటే. కళ్లు తెరుచుకోవడానికి ఇంకాస్త సమయం పడుతుంది. ఎనిమిదింటికి తూర్పున పిల్లలకోడి పైకొచ్చింది. దాని వెనకే గొల్లకావడి. మా నాయనమ్మ ఈ చుక్కల్ని చూసి పొద్దు చెప్పేది. పట్నంలో ఇన్నేళ్లలో నేను వాటిని వెతకనే లేదు. ఇక్కడ వెతకక్కర్లేదు, నెత్తిమీద వేలాడుతుంటాయి.

మంట వేసుకోవాలనిపిస్తుంది, చలికి. వద్దు. డిసెంబరుకల్లా ఇక్కడి గడ్డి నిప్పు కోసం కాచుకున్నట్టే ఉంటుంది. గాలి ఉన్న రాత్రి ఒక్క రవ్వ చాలు, కొండంతా అంటుకోవడానికి. పైగా మంట వేసిన చోట బండ నల్లబడి పెచ్చులూడుతుంది. అంచు వెంట నడిస్తే అలాంటి నల్లమచ్చలు ఎన్నో కనబడ్డాయి. ఓ దుప్పటి ఎక్కువ తెచ్చుకోవడమే తెలివైన పని. పొద్దున్నే బూట్లు దులపకుండా కాలు పెట్టొద్దు. తేళ్లకు బూట్లంటే ఇష్టం.

ముళ్లపొదే కదా అనుకోవద్దు

అడవి అంటే ఆకాశాన్నంటే చెట్లూ, జలపాతాలూ ఊహించుకుని వచ్చినవాళ్లకు ఇక్కడ నిరాశే. ఇది ముళ్లడవి. తుమ్మ, చండ్ర, రేగు, బలుసు, అక్కడక్కడా సీతాఫలం పొదలు. ఎత్తయిన చెట్టు కిందికి పోదామన్నా దొరకదు. మా పక్క టెంటులోని పెద్దాయన, "ఇక్కడ అడవేముందండీ, అంతా ముళ్లకంపే" అన్నారు.

ఈ జిల్లాలోనే ఇలాంటి ముళ్లకంపలో ఏం బయటపడిందో తెలుసా? కలివికోడి. రాత్రిపూట మాత్రమే తిరిగే చిన్న పిట్ట. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం వైపు లంకమల కొండల దగ్గర, స్థానిక వేటగాడి సాయంతో మళ్లీ దొరికింది. అది పెద్ద చెట్లున్న అడవిలో బతకదు. పొదకూ పొదకూ మధ్య ఖాళీ నేల కావాలి దానికి. తర్వాత ఆ పిట్ట కోసమే లంకమలను అభయారణ్యం చేశారు, తెలుగుగంగ కాలువ దారి మార్చారు. గండికోటలో కలివికోడి కనబడుతుందని నేను చెప్పడం లేదు. ఏమీ లేదనుకునే నేల మీద టెంటు వేసేటప్పుడు, పొదలు నరికి చదును చేసేటప్పుడు ఒకసారి ఆలోచించాలని మాత్రం అంటున్నా.

మేం వెళ్లింది వారం మధ్యలో. అందుకే ఆ నిశ్శబ్దం దొరికింది. శనివారం రాత్రి సంగతి వేరని టెంటు కుర్రాళ్లే చెప్పారు. కార్లు బారులు తీరతాయి. స్పీకర్లు పెడతారు. ఒక టెంటు పాట ఇంకో టెంటుకు వినబడకుండా పోటీలు. ఆదివారం పొద్దున సీసాలు, ప్లాస్టిక్ ప్లేట్లు లోయలోకి దొర్లుతాయి. బుధవారం నాటికీ కొన్ని అంచున మిగిలే ఉన్నాయి. ఆ చెత్తను ఏరేది కూడా ఆ కుర్రాళ్లే. పర్యాటకులు రావడం వల్లే వాళ్లకు నాలుగు డబ్బులు వస్తున్నాయి కాబట్టి కసురుకోలేరు.

ముందు ముందు రద్దీ ఇంకా పెరుగుతుంది. 2023 జులైలో ఇక్కడ ఒబెరాయ్ హోటల్‌కు శంకుస్థాపన జరిగింది. 2024లో కేంద్ర ప్రభుత్వం గండికోట అభివృద్ధికి 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మరుగుదొడ్లు, మంచినీళ్లు, అంచు దగ్గర కంచె రావలసిందే. ఆడవాళ్లతో, పిల్లలతో వచ్చేవాళ్ల అవస్థ చూస్తే ఎవరైనా అదే అంటారు. నా భయమల్లా లైట్ల గురించి. మన దగ్గర అభివృద్ధి అనగానే మొదట రంగు రంగుల లైట్లు పెడతారు కదా! లోయ అంచు వెంట లైట్ల వరస పెట్టిన రోజున ఆ పిల్లలకోడి కనబడదు. రాత్రి ఉండాల్సిన అవసరమూ ఉండదు.

కింద నీళ్లు ఎక్కడివి?

టెంటు ముందు కూర్చుని కిందికి చూస్తే నది అనిపిస్తుందిగానీ అక్కడ ప్రవాహం లేదు. లోయకు దిగువన మైలవరం ఆనకట్ట. దాని నీళ్లే వెనక్కి తన్ని లోయలో నిలబడతాయి. ఎగువన, కోట దాటాక గండికోట రిజర్వాయరు. 26.85 టీఎంసీలు పడుతుంది. అందులోకి వచ్చేవి చాలావరకు పెన్న నీళ్లు కావు. కృష్ణ నీళ్లు! శ్రీశైలం వెనక జలాలు పోతిరెడ్డిపాడు దగ్గర తలుపులు దాటి, బానకచర్ల, గోరకల్లు, అవుకు మీదుగా కాలువల్లో, సొరంగాల్లో ప్రయాణం చేసి పెన్న లోయకు చేరుతాయి. గాలేరు-నగరి పథకం అంటే ఇదే.

ఆ నీళ్లకు చోటివ్వడానికి కొండాపురం వైపు ఇరవైకి పైగా ఊళ్లు లేచిపోయాయి. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరులో ఇళ్ల మధ్యకు నీళ్లొచ్చాయి. జనం ఆందోళన చేశారు. పరిహారం చాలలేదన్నారు, కొత్త ఇళ్లు పూర్తికాలేదన్నారు, కొన్నాళ్లు గడువిమ్మన్నారు. నీళ్లు ఆగలేదు. సామాను ట్రాక్టర్లకెత్తుకుని వెళ్లిపోయారు. ఆ ఊరు చిన్న పల్లె కాదు. బడులూ, గుళ్లూ, వీధుల నిండా జనం ఉన్న పెద్ద ఊరు.

ఎగువన రాత్రిపూట అంత చీకటి, అంత నిశ్శబ్దం ఎందుకున్నాయో ఈ సంగతి తెలిశాక అర్థమవుతుంది. ఒకప్పుడు ఆ దిక్కున దీపాలుండేవి. కుక్కలు మొరిగేవి. మనం చుక్కల్ని చూసి మురిసిపోయే ఆ చీకట్లో కొంత భాగం వాళ్లు ఖాళీ చేసి ఇచ్చింది. పొద్దున టీ బంకు దగ్గర ఎవరైనా తమ ఊరు నీళ్ల కింద ఉందని చెబితే, వెంటనే 'వ్యూ పాయింట్ ఎటు' అని అడక్కండి. ఓ పది నిమిషాలు కూర్చుని వినండి.

రెండు ఆనకట్టల మధ్య ఉన్న లోయ కాబట్టి ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. కిందికి దిగి నీటి పక్కన బండ మీద టెంటు వేద్దామన్న సరదా చాలామందికి పుడుతుంది. వరద రోజుల్లో పైనుంచి గేట్లు ఎత్తితే ఆ బండ మునగడానికి ఎంతోసేపు పట్టదు. మన తలమీద మబ్బు లేకపోయినా సరే. ఇసుక నదుల సంగతి ఇంకా మోసం. 2021 నవంబరు 19న ఇదే జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట వైపు ఊళ్లను తెల్లవారుజామున నీళ్లు ముంచెత్తాయి. ఎన్నో ప్రాణాలు పోయాయి. అంతకు ముందు నెలల్లో ఆ ఏటిని చూసినవాళ్లెవరూ అలాంటిది ఊహించి ఉండరు. కాబట్టి కడప జిల్లాలో ఏ నదిలోనైనా సరే, ఇసుకలో పడక వద్దు. గట్టు మీదే.

నీళ్ల వెంట పులివెందుల దాకా

మర్నాడు పొద్దున లోయలోంచి మంచు పొగలా లేచింది. సూర్యుడు రాగానే కరిగిపోయింది. బొరుగుల్లో ఉల్లిపాయ, చెనక్కాయల పొడి, నిమ్మకాయ పిండి కలుపుకుని తిన్నాం. ఆ తర్వాత ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో చూద్దామని ముద్దనూరు మీదుగా పులివెందుల దారి పట్టాం.

ఈ దారిని ఎవరూ పర్యాటకం కింద లెక్కేయరు. నిజానికి చూడాల్సింది చాలా ఉంది. గండికోట రిజర్వాయరు నుంచి మోటార్లు నీళ్లను మెట్టు మెట్టుగా పైకెత్తుతాయి. కొంత సింహాద్రిపురం మండలంలోని పైడిపాలెం రిజర్వాయరుకు, కొంత లింగాల మండలం పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకు. చిత్రావతి పెన్నకు ఉపనది. మామూలుగా అయితే చిత్రావతి నీళ్లు పెన్నలోకి పారాలి. ఇక్కడ పెన్న దగ్గరి నీళ్లు ఎదురెక్కి చిత్రావతికి పోతున్నాయి!

పులివెందుల చుట్టూ చీనీ తోటలు. కోస్తావాళ్లు బత్తాయి అంటారే, అదే. మధ్య మధ్య అరటి. ఇక్కడి రైతులు నీళ్ల కోసం బోరు మీద బోరు వేసి అప్పులపాలైన కథలు, ఎండిన చీనీ చెట్లను ట్యాంకర్లతో బతికించుకున్న కథలు మన పత్రికల్లోనే ఎన్నో వచ్చాయి. రోడ్డు పక్కన ఆగి తోట దగ్గర చీనీ కాయలు కొన్నాం. బుట్టెడు తీసుకుంటే రెండు కొసరు వేశారు. రాత్రి మేం చూసిన చీకటి నీళ్లకూ ఈ కాయలకూ సంబంధం ఉంది. తాళ్లప్రొద్దుటూరు వాళ్లకూ ఈ తోటలకూ కూడా ఉంది. ఒకరి ఊరు మునిగితే ఇంకొకరి తోట బతికిందని లెక్క తేల్చేయడం నాకు ఇష్టం లేదు. ఆ లెక్కలో మునిగినవాళ్లకు చెల్లాల్సింది చెల్లిందా అన్న ప్రశ్న పక్కకు పోతుంది. కానీ రెండూ ఒకే ప్రయాణంలో, ఒకే రోజులో చూస్తే నీళ్ల గురించి మనం మాట్లాడే తీరు కొంచెం మారుతుంది. పిల్లల్ని తీసుకెళ్లమని నేననేది అందుకే.

పార్నపల్లె దగ్గర రిజర్వాయరు గట్టు ఎక్కితే చుట్టూ కొండలు, మధ్యలో నీలం నీళ్లు. నిండితే పది టీఎంసీలు. గండికోటలా గుండె ఝల్లుమనదు. కూర్చుని మధ్యాహ్నం అన్నం తినడానికి మాత్రం అంతకంటే మంచి చోటు దొరకదు. జనం లేరు. గాలి ఉంది.

సాయంత్రం ఇంకా మిగిలితే వేంపల్లె దాటి గండి దాకా వెళ్లండి. పాపాఘ్ని నది పాలకొండలను చీల్చుకుని వెళ్లే చోటు అది. గండికోటకు చిన్న చెల్లెలు అనుకోవచ్చు. ఒడ్డున వీరాంజనేయ స్వామి గుడి. రాముడు బాణం మొనతో బండ మీద ఆంజనేయుణ్ని గీశాడనీ, చిటికెన వేలు ఒక్కటీ గీయకుండా వదిలేశాడనీ చెబుతారు. ఆ రెండు కొండల మధ్య కట్టిన బంగారు తోరణం పుణ్యాత్ములకే కనబడుతుందట. కలెక్టరుగా పనిచేసి తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రోకు కనబడిందనీ, చూసినవాళ్లు ఎక్కువకాలం బతకరనీ కథ. ఆయన 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మేం ముగ్గురం మెడలు నొప్పి పుట్టేదాకా చూశాం. ఏమీ కనబడలేదు. మా డ్రైవరు అబ్బాయి "అమ్మయ్య" అన్నాడు.

వెళ్లాలనుకుంటే...

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. మార్చి తర్వాత ఆ బండల మీద పగలు నిలబడలేరు. రైల్లో వచ్చేవాళ్లు ముద్దనూరులోగానీ జమ్మలమడుగులోగానీ దిగొచ్చు. బెంగళూరు నుంచి కారులో సుమారు 280 కిలోమీటర్లు, కడప నుంచి రెండు గంటలు. పదేళ్ల లోపు పిల్లలుంటే టెంటు మాట మరిచిపోండి. కోట దగ్గరే పర్యాటక సంస్థ హరిత హోటల్ ఉంది. గది తీసుకుని, చీకటి పడ్డాక ఓ గంట పిల్లల్ని బయటికి తీసుకొచ్చి చుక్కలు చూపించండి, చాలు. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి లోపల కట్టడాల దగ్గర టెంట్లు, పొయ్యిలు కుదరవు. కొండల్లోకి దూరంగా వెళ్లి అడవిలో రాత్రి గడపాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. టెంటు అద్దె, భోజనం ధర ముందే మాట్లాడుకోండి. రాత్రి సంగటి, నాటుకోడి పులుసు కావాలంటే మధ్యాహ్నమే చెప్పాలి. కోడిని పట్టుకోవడానికీ టైము కావాలి కదా!

వీలైతే శనివారం మాత్రం వద్దు.